"నటిస్తాండాది" అంటే తిట్టా, మెప్పా?

మొదటి పోస్టు, కడప నుంచి

అందరికీ నమస్కారం. ఒక మాట గురించి అడగాలని వారం రోజులుగా అనుకుంటున్నాను. కొంచెం పొడుగుగా చెబుతాను, ఓపికగా చదవండి.

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో టీవీలో ఒక థ్రిల్లర్ చూశాం. ఇంగ్లీషులో తీసి తెలుగులోకి డబ్బింగ్ చేసింది. ఇద్దరు టీనేజ్ అమ్మాయిల స్నేహం దాని కథ. ఒకమ్మాయి ఊరికీ బడికీ కొత్త. రెండో అమ్మాయి ఆమెను చేరదీస్తుంది. మెల్లగా మిగతా స్నేహితుల నుంచి విడదీస్తుంది, సొంత తల్లి మీదే అనుమానం పుట్టిస్తుంది, చివరికి ఆ పిల్ల ప్రాణం మీదికి తెస్తుంది. కథలో బలం ఉంది. పదహారేళ్ళ వయసులో స్నేహం ఎంత మత్తుగా ఉంటుందో, దాన్ని అడ్డం పెట్టుకుని ఒక మనిషిని ఎంతగా ఆడించవచ్చో చెప్పే కథ. కానీ నటన మాత్రం ఘోరంగా ఉంది.

చూసింది నలుగురం: మా అమ్మ, అక్క, అక్క కూతురు, నేను. అమ్మకు డెబ్బై దాటాయి. అక్క కూతురు ఇంటర్ చదువుతోంది. సినిమా సగంలో ఆ చెడ్డ పిల్ల రెండో పిల్లను కౌగిలించుకుని "నువ్వు తప్ప నాకెవరున్నారు" అని ఏడుస్తుంది. అప్పుడు మా అమ్మ, "ఆ పిల్ల నటిస్తాండాది సూడు" అంది.

అక్క వెంటనే, "అవునమ్మా, ఆ పిల్లకు నటన రానే రాదు" అంది. అక్క కూతురు ఒప్పుకోలేదు. "అవ్వ అన్నది అది కాదు. ఆ క్యారెక్టరే దొంగ ఏడుపు ఏడుస్తోంది, అవ్వ దాన్ని కనిపెట్టింది" అంది. ఇద్దరూ సినిమా వదిలేసి ఈ మాట మీద పడ్డారు. అమ్మ ఏమీ చెప్పకుండా కాఫీ పెట్టడానికి లేచి వెళ్ళింది.

నాకు అప్పటి నుంచి ఇదే ఆలోచన. అమ్మ అన్నది ఒకటే మాట. పాత్ర మోసం చేస్తోందని చెప్పడానికీ అదే మాట, నటి చేతకానిదని చెప్పడానికీ అదే మాట. మరి బాగా చేసిన వాళ్ళను మనం ఏమంటాం? "నటించలేదు, జీవించింది" అంటాం. అంటే నటనను మెచ్చుకోవాలంటే అసలు నటనే లేదని చెప్పాలి! మన భాషలో ఈ మాటకు ఈ అవస్థ ఎందుకు వచ్చింది?

ప్రొద్దుటూరు నుంచి

అన్నా, నటన ఒక్కటే కాదు, రంగస్థలం మాటలన్నీ మన ఇళ్ళలో తిట్లే. "నాటకాలాడొద్దు", "వేషాలేయొద్దు", "డ్రామాలు చాలించు", "యాక్షన్ చేయాకు", "పెద్ద సీన్ చేసినావులే", "ఏం బిల్డప్పు!" పొద్దున లేస్తే పిల్లలను నేనే ఇన్ని అంటాను. మీ పోస్టు చదివాక లెక్కపెట్టుకున్నాను. "ఎచ్చులు" మాత్రం రంగస్థలం నుంచి రాలేదు, హెచ్చు నుంచి వచ్చింది. ఉన్నదానికంటే ఎక్కువ చూపించడమే ఎచ్చులు. మీరు చెప్పిన సినిమా నేనూ చూశాను. ఆ పిల్ల చేసింది నటన కాదన్నా, ఎచ్చులు.

కర్నూలు నుంచి, ఒక విశ్రాంత తెలుగు పండితులు

మాట పుట్టుక చెబుతాను. సంస్కృతంలో "నృత్" అంటే ఆడడం, నర్తించడం. అది ప్రాకృతం నోట్లో నలిగి "నట్" అయింది. కాబట్టి నటన మొదటి అర్థం నాట్యమే. నటరాజు అంటే నాట్యానికి రాజు. అందులో మోసం వాసన ఎక్కడా లేదు. లేనిది ఉన్నట్టు చూపించడం అనే అర్థం తర్వాత వచ్చి చేరింది.

నాట్యశాస్త్రం వాడిన మాట అభినయం. "అభి" అంటే ఎదుటికి, "నీ" అంటే తీసుకుపోవడం. ప్రేక్షకుడి దగ్గరికి భావాన్ని చేర్చడం అన్నమాట. అది నాలుగు రకాలు: ఒంటితో చేసేది ఆంగికం, మాటతో చేసేది వాచికం, వేషంతో చేసేది ఆహార్యం, మనసు లోపలి నుంచి పుట్టేది సాత్త్వికం. ఈ చివరిదానిలో ఎనిమిది భావాలు చెప్పారు. కొయ్యబారిపోవడం, చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, ముఖం రంగు తప్పడం, కన్నీరు, స్పృహ తప్పడం. చూడండి, వీటిలో ఏదీ చేతులు ఊపి తెచ్చుకునేది కాదు. మీ సినిమాలో పిల్లకు ఆంగికం ఎక్కువైంది, సాత్త్వికం లేదు. మీ అమ్మగారు పట్టుకున్నది అదే అనుకుంటాను.

అనంతపురం నుంచి

డబ్బింగ్ సంగతి కూడా ఆలోచించండి. ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది. పండితులవారి లెక్కలో చెబితే ఆంగికం అక్కడిది, వాచికం ఇక్కడిది. రెండూ కలవకపోతే ఆ పిల్ల ఎంత బాగా చేసినా దొంగ ఏడుపులాగే ఉంటుంది. తప్పంతా నటి మీద వేయడం న్యాయం కాదేమో.

ఇంకొక మాట. మనం బాగా చేసిన సీన్‌ను "పండింది" అంటాం, చేయలేని వాళ్ళను "తేలిపోయింది" అంటాం. ఉప్పు నీళ్ళలో విత్తనాలు పోస్తే గట్టి గింజ మునుగుతుంది, తాలు గింజ తేలుతుంది. "తేలిపోయింది" అక్కడి నుంచే వచ్చిందని నా ఊహ. ఊహే, రుజువు లేదు. కానీ వానకోసం ఎదురుచూసే ఊళ్ళో పుట్టినవాణ్ణి, "పాత్ర పండలా" అని వింటే నాకు ఎండిన చేను కనిపిస్తుంది.

ప్రొద్దుటూరు నుంచి, మళ్ళీ

ఇంకో సంగతి అడగాలి. మా పాప ఇలాంటి స్నేహాన్ని "టాక్సిక్" అంటుంది. తెలుగులో చెప్పమంటే నాకు "చెడు సావాసం" అని వచ్చింది. అది కాదంటుంది. చెడు సావాసం అంటే సిగరెట్లు తాగే వాళ్ళతో తిరగడమట, టాక్సిక్ అంటే ప్రేమగా ఉంటూనే మనిషిని లోపల తినేయడమట. మరి దీనికి సుమతీ శతకంలో పద్యం సరిపోదా?

తలనుండు విషము ఫణికిని
వెలయంగాఁ దోకనుండు వృశ్చికమునకున్
దలతోక యనక యుండును
ఖలునకు నిలువెల్ల విషము గదరా సుమతీ!

టాక్సిక్ అంటే విషమే కదా. పాముకు తలలో, తేలుకు తోకలో, చెడ్డవాడికి ఒళ్ళంతా.

కడప నుంచి, మొదటి పోస్టు రాసినవాడిని

అక్కా, మీరు ఈ పద్యం పెట్టి చాలా మేలు చేశారు. రెండు రోజులుగా నాకు అందని ముడి దీనితో విడింది. ఎలాగంటే, ఈ పద్యం ఆ సినిమాకు సరిపోదు. సరిపోకపోవడంలోనే విషయమంతా ఉంది.

పద్యంలో ఖలుడికి నిలువెల్లా విషం. చూడగానే తెలుస్తుంది, దూరం జరుగుతాం. మీ పాప చెప్పిన స్నేహం అలాంటిది కాదు. దానికి దగ్గరగా ఉన్నది నీతిశాస్త్రాల్లో వచ్చే మరో పోలిక, "విషకుంభం పయోముఖం". ఎదురుగా తీయగా మాట్లాడి, వెనకాల పని చెడగొట్టే స్నేహితుణ్ణి వదిలెయ్యాలి, వాడు పైన పాలు, లోపల విషం ఉన్న కుండ అని ఆ శ్లోకం. మన ఇళ్ళలో మాటగా చెబితే నోట్లో చక్కెర, కడుపులో కత్తెర. టాక్సిక్ స్నేహానికి నాకు ఇంతకంటే మంచి తెలుగు దొరకలేదు.

ఇప్పుడు సినిమాకు వస్తాను. ఆ నటికి రాసిపెట్టిన పాత్ర పాలకుండ. ఆమె చేసింది నిలువెల్లా విషం. మొదటి సీన్‌లోనే కళ్ళు చికిలించి చూసింది. చెయ్యి పట్టుకుంటే పట్టులోనే కసి. నవ్వితే సగం పెదవితో నవ్వింది. మా అక్క మొదటి పది నిమిషాల్లోనే "ఇది చంపుతాది" అనేసింది. ఇక మిగతా గంటన్నర టెన్షన్ ఎక్కడిది? ఇంకా పెద్ద నష్టం రెండో పిల్లకు జరిగింది. ఇంత స్పష్టంగా కనిపించే విషాన్ని గుర్తుపట్టలేదంటే ఆ పిల్ల తెలివితక్కువదని చూసేవాళ్ళు అనుకున్నారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. నిజంగా అలాంటి స్నేహంలో చిక్కుకున్న పిల్లలు తెలివితక్కువవాళ్ళు కారు. వాళ్ళకు దొరికింది నిజంగానే పాలలా ఉంటుంది. పంచతంత్రంలో మిత్రభేదం కథలోని నక్క దమనకుణ్ణి గుర్తు తెచ్చుకోండి. సింహం దగ్గర ఎద్దు గురించి, ఎద్దు దగ్గర సింహం గురించి చెప్పినప్పుడు వాడు ఎక్కడా గొంతు పెంచడు. నీ మేలు కోరి చెబుతున్నాను అంటాడు. సింహం పింగళకుడు, ఎద్దు సంజీవకుడు, ఇద్దరూ నమ్మారంటే ఇద్దరూ మూర్ఖులని కాదు.

కాబట్టి ఈ పాత్ర వేసేవాళ్ళు నటిస్తున్న మనిషిని నటించాలి. ఇది ఎంత కష్టమో మన కడప జిల్లాకు ఎప్పుడో తెలుసు. 1885లో మన సురభి గ్రామంలో వనారస కుటుంబం వాళ్ళు మొదటగా ఆడిన నాటకం కీచకవధ. ఆ కథలో నిజరూపంలో ఉన్న పాండవుడు ఒక్కడైనా ఉన్నాడా? భీముడు వంటవాడు వలలుడు, అర్జునుడు బృహన్నల, ద్రౌపది సైరంధ్రి. ద్రౌపది కీచకుడితో నర్తనశాలకు రమ్మని తీయగా చెప్పాలి. అది నటన అని మనకు తెలియాలి, కీచకుడికి తెలియకూడదు. ఒకే ముఖంతో, ఒకే గొంతుతో ఇద్దరికి రెండు సంగతులు చెప్పాలి. ఆ ఒక్క సీన్ తేలిపోతే కీచకుడు చావుకు నడిచి వెళ్ళడం ఎవరూ నమ్మరు. నర్తనశాలలోని "నర్తన", మనం మాట్లాడుకుంటున్న "నటన" ఒకే ధాతువు నుంచి వచ్చాయని పండితులవారు చెప్పిన తర్వాత నాకు ఒళ్ళు జలదరించింది.

అందుకే "నటిస్తాండాది" అనే మాటకు రెండు అర్థాలుండడం మన భాషలో లోపం అనుకోను. ఈ రెండూ నిజంగానే పక్కపక్కన ఉన్న పనులు. పాత్ర నటిస్తోందని మనకు అనిపిస్తే నటి గెలిచింది. నటి నటిస్తోందని అనిపిస్తే పాత్ర పోయింది.

ధర్మవరం దగ్గర నుంచి

ముఖం, గొంతు కలవకపోతే పండదు అన్న అనంతపురం అన్నకు నా మాట. మా పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మల వాళ్ళున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మ ముఖం మారదు. ఏడ్చినా నవ్వినా అదే కన్ను, అదే పెదవి. గొంతు తెర వెనక మనిషిది. అయినా చిన్నప్పుడు సీతమ్మ బొమ్మ ఏడిస్తే మా అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకునేది. నవ్వించే బొమ్మ బంగారక్క తిడితే ఊరంతా నవ్వేది. కాబట్టి ముఖం ఒకరిది, గొంతు ఒకరిది కావడం తప్పు కాదు. తెర వెనక ఉన్న మనిషికి ఆ సీతమ్మ మీద మనసుండాలి, అంతే.

అనంతపురం నుంచి

ఒప్పుకుంటున్నాను అన్నా. మా తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్ళారి రాఘవ గారు రంగస్థలం మీద పద్యాలకు రాగాలు సాగదీయడం వద్దని, సహజంగా మాట్లాడాలని పట్టుబట్టారు. ఆయన అడిగింది కూడా ఈ మనసునే అనుకుంటాను.

కడప నుంచి, మొదటి పోస్టు రాసినవాడిని

ఇంతమంది ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. నిన్న రాత్రి అమ్మను అడిగేశాను. "అమ్మా, నువ్వు నటిస్తాండాది అన్నది ఆ క్యారెక్టర్‌నా, చేసిన పిల్లనా?"

అమ్మ ఉల్లిగడ్డలు తరుగుతోంది. చెయ్యి ఆపి కాసేపు ఆలోచించింది. తర్వాత ఇలా చెప్పింది: "ఏడ్చేటప్పుడు ఆ పిల్ల రెండో పిల్లను పేరుకే పట్టుకుంది నాయనా. తన మొగం మనకు కనపడేటట్టు పక్కకు తిప్పుకుంది. ఏడ్చేవాళ్ళు మొగం దాచుకుంటారు. సావాసగత్తెను మోసం చేయాలనుకున్నా దాచుకుంటారు. అది మనకోసం ఏడ్చింది, ఆ పిల్ల కోసం కాదు."

అక్క కూతురు ఫోన్ పక్కన పెట్టి వింటూ కూర్చుంది. కాసేపటికి, "మా క్లాసులో ఒకమ్మాయి ఉంది అవ్వా, అది మొగం దాచుకునే ఏడుస్తాది" అంది. అమ్మ కత్తిపీట పక్కకు జరిపి, దాన్ని దగ్గరికి రమ్మంది. నేను లేచి బయటికి వచ్చేశాను. వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.