మోకరించగానే రాత్రి చూసినవే గుర్తుకు వస్తున్నాయి

ద్రాక్షతీగ (ప్రశ్న):
ప్రభువు నామంలో అందరికీ వందనాలు. అశ్లీలమైన వాటి జోలికి పోకుండా ప్రభువు నన్ను కొన్నేళ్లుగా కాపాడుతున్నారు. అయితే రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో వార్తా చర్చలు, నేర కథల సీరియళ్లు చూడడం అలవాటైంది. తెల్లవారి మోకరించి కళ్లు మూసుకోగానే, రాత్రి చర్చలో ఒకాయన వేలు చూపిస్తూ అరిచిన మాటలే చెవుల్లో మోగుతున్నాయి. ఆయనకు చెప్పవలసిన జవాబును ప్రార్థన మధ్యలోనే కూర్చుకుంటున్నాను. పాపమని తేల్చి చెప్పలేని వాటిని కూడా మానుకోవాలా? అది మోషే ధర్మశాస్త్రపు కాడిని మళ్లీ మెడకెత్తుకోవడం కాదా?

వేకువ మనవి:
బ్రదర్, మీ భయం న్యాయమైనదే. ముట్టవద్దు, రుచి చూడవద్దు అనే ఆజ్ఞలు శరీరేచ్ఛను అణచలేవని కొలొస్సయులకు వ్రాసిన పౌలే, అన్నిటియందు తనకు స్వాతంత్ర్యం ఉన్నా దేనికీ లోబడిపోనని కొరింథీయులకు వ్రాశాడు. కాబట్టి అది పాపమా కాదా అన్న దగ్గరే ఆగకుండా, ప్రార్థనలో మీ మనస్సును ఏలుతున్నది ఎవరో చూసుకోండి.

ఫిలిప్పీయులకు 4:8ని మనం తరచుగా ఒక జల్లెడలా వాడతాం గానీ, దయచేసి 6వ వచనం నుండి చదవండి. ముందు ప్రార్థన, ఆ తరువాత దేవుని సమాధానం మన తలంపులకు కావలి ఉంటుందన్న వాగ్దానం, ఆ పిమ్మటే వేటిమీద ధ్యానముంచాలన్న మాట. కావలి అన్నచోట గ్రీకులో ఉన్నది సైనికుల పహరాకు వాడే మాట. బంధకాల్లో ఉన్న పౌలుకు ఆ పహరా ఎలాంటిదో బాగా తెలుసు. ఆ 8వ వచనంలో మొట్టమొదట వచ్చేది పవిత్రత కాదు, సత్యం. అశ్లీలతకు తలుపు మూసి, సగం నిజాలతో రగిలించే కోపానికి తలుపు బార్లా తెరిచి ఉంచితే మనస్సును కాపాడుకున్నట్టు కాదని నేను నమ్ముతున్నాను.

ఆలివ్ కొమ్మ:
పై సహోదరి చెప్పినదంతా నిజమే గానీ, నిర్ణయం మాత్రమే చాలదు. ప్రాచీన సంఘపు బోధకుడు అగస్టీను తన మిత్రుడు అలీపియస్ గురించి వ్రాసిన సంగతి చూడండి. రోమాలో స్నేహితులు అతణ్ణి ఖడ్గయుద్ధాల రంగస్థలానికి బలవంతంగా లాక్కుపోతే, అతడు కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. చెవులు మాత్రం మూసుకోలేదు. జనమంతా ఒక్కసారిగా హోరెత్తగానే కళ్లు తెరిచాడు. ఇక ఆ రక్తం మీద నుండి చూపు తిప్పుకోలేకపోయాడు.

అందుకే పోరాటాన్ని రాత్రి పదకొండు గంటల దాకా వాయిదా వేయకండి. ఒక భాగం ముగియగానే తరువాతిది మన ప్రమేయం లేకుండా మొదలయ్యే ఆటోప్లేను సెట్టింగ్స్‌లో ఆపివేయండి. నేను అలారం కోసమని ఫోన్‌ను తలగడ పక్కనే పెట్టుకునేవాణ్ణి. మామూలు గడియారం కొన్న తరువాత కూడా చాలా రాత్రులు నా చేయి చీకట్లో ఫోన్ కోసం తడుముకునేది. ఊడ్చి ఖాళీగా ఉంచిన ఇంటికి వెళ్లిపోయిన అపవిత్రాత్మ మరి ఏడు దయ్యాలతో తిరిగి వస్తుందని మత్తయి 12లో ప్రభువు చెప్పారు కదా, అందుచేత ఆ సమయంలో 4వ కీర్తనను పైకి చదవడం మొదలుపెట్టాను. ఎనిమిదే వచనాలు, చివరిది నెమ్మదిగా నిద్రపోవడం గురించే.

దీపస్తంభం:
ఒక్క మాట చేర్చుతాను. మీకు తగిలిన దెబ్బను బట్టి సంఘమంతటికీ నియమం పెట్టకండి. ఏథెన్సులో పౌలు గ్రీకు కవుల మాటను ఎత్తి చూపి సువార్త చెప్పాడంటే, లోకపు రచనలన్నిటికీ అతడు చెవులు మూసుకోలేదన్నమాట.

ద్రాక్షతీగ:
అందరికీ కృతజ్ఞతలు. ఆటోప్లే ఆపివేశాను, ఫోన్ ఇప్పుడు వేరే గదిలో ఉంటోంది. వార్తలను ఉదయం ప్రార్థన తరువాతే, అదీ చదవడమే తప్ప చూడడం లేదు. ఆ చర్చలో అరిచిన ఆయన కోసం ఈ వేకువన పేరు పెట్టి ప్రార్థించాను. మధ్యలో మళ్లీ కోపం వచ్చింది, అయినా ఆమేన్ దాకా చెప్పాను.