ఆఫ్రికాను తెలుసుకోవాలంటే 54 దేశాలూ చదవాలా, ఒక్క దేశం పట్టుకోవాలా?

కొత్త పాఠకురాలు:
ఆఫ్రికా అనగానే నాకు తట్టేవి మూడే: పిరమిడ్లు, సఫారీ, కరువు వార్తలు. అంత పెద్ద ఖండం గురించి ఇంతేనా తెలిసింది అని బాధగా ఉంది. ఈ ఏడాది పట్టుబట్టి చదవాలనుకుంటున్నాను. ముందు ఖండమంతా ఒక చుట్టు చుట్టిరమ్మని ఒక స్నేహితురాలు అంటోంది. ఏదో ఒక దేశాన్ని గట్టిగా పట్టుకోమని ఇంకో స్నేహితుడు అంటున్నాడు. రోజుకు గంట కంటే కుదరదు. మీరైతే ఏం చేస్తారు?

అట్లాస్:
ముందు పటం అండీ, సందేహమే లేదు. మనం మామూలుగా చూసే ప్రపంచ పటంలో గ్రీన్‌లాండ్, ఆఫ్రికా దాదాపు ఒకే సైజులో ఉంటాయి. అది మెర్కేటర్ పద్ధతిలో గీసిన పటం. ధ్రువాలకు దగ్గరగా ఉన్నదల్లా అందులో సాగిపోతుంది. నిజానికి ఆఫ్రికా విస్తీర్ణం సుమారు 3 కోట్ల చదరపు కిలోమీటర్లు, గ్రీన్‌లాండ్‌కి 14 రెట్లు. ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వం ఉన్న దేశాలే 54. రువాండాలో దాదాపు దేశమంతా కిన్యార్వాండా ఒక్కటే మాట్లాడతారు, నైజీరియాలో 500కు పైగా భాషలున్నాయి. రువాండా ఒక్కటే చదివి ఆగిపోయినవాళ్లకు నైజీరియా ఊహకు కూడా అందదు. వాళ్లకు తెలిసిన ఆ ఒక్క దేశమే ఆఫ్రికా అయిపోతుంది. నేను రోజుకో దేశం చొప్పున రెండు నెలల్లో పూర్తిచేశాను. మీరూ అలాగే చేయండి.

నీలి సిరా:
అట్లాస్ గారూ, పదో రోజు చదివిన దేశం గురించి ఇప్పుడు మీకు ఎంత గుర్తుంది? ఎత్తిపొడుపు అనుకోకండి, నేనూ అదే దారిలో వెళ్లాను. జెండాలు, రాజధానులు, కరెన్సీలు అన్నీ బట్టీ పట్టాను. తర్వాత ఆఫీసులో ఘానా నుంచి వచ్చిన ఒకాయన పక్క సీట్లో చేరారు. రాజధాని అక్రా, కరెన్సీ సెడి అని నాకు కంఠతా వచ్చు. ఆయన తన పేరు కోఫీ అని చెప్పి, "మీరు ఏ వారం పుట్టారు?" అని అడిగారు. ఆ ప్రశ్న ఎందుకు అడిగారో నాకు అర్థమే కాలేదు.

ఘానాలోని అకాన్ ప్రజల్లో బిడ్డ పుట్టిన వారాన్ని బట్టి ఒక పేరు వస్తుంది. మగపిల్లలకు ఏడు, ఆడపిల్లలకు ఏడు. శుక్రవారం పుడితే కోఫీ, శనివారం పుడితే క్వామే. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా చేసిన కోఫీ అన్నన్ 1938 ఏప్రిల్ 8న పుట్టారు, అది శుక్రవారమే. ఆయనతో పాటు పుట్టిన చెల్లెలి పేరు ఎఫువా, అదీ శుక్రవారం పేరే. ఇద్దరి పేర్లలోనూ అట్టా అనే మాట ఉంది, కవలలని దానర్థం. ఒక మనిషి పేరులో ఇంత సమాచారం ఉంది. ఇన్నేళ్లు వార్తల్లో ఆ పేరు వింటూ కూడా నాకు అది పట్టలేదు.

అందుకే ఒక్క దేశం పట్టుకోండి అంటాను. ఏడాది పాటు అదే చదవండి.

అట్లాస్:
నీలి సిరా గారూ, నా భయం సరిగ్గా ఇదే. మీరు అకాన్ ప్రజల్లో అని జాగ్రత్తగానే రాశారు. చదివేవాళ్లు మాత్రం ఘానా వాళ్లంతా ఇంతే అని గుర్తుపెట్టుకుంటారు. ఉత్తర ఘానాలో దగొంబా ప్రజలున్నారు. వాళ్ల భాష దగ్బానీ, ఎక్కువమంది ముస్లింలు, పేర్ల తీరు వేరు.

ఇంకో సంగతి. మధ్యయుగాల్లో ప్రసిద్ధమైన ఘానా సామ్రాజ్యం అసలు ఇప్పటి ఘానాలో లేదు. అది ఇప్పటి మౌరిటానియా, మాలి ప్రాంతంలో ఉండేది. బ్రిటిష్ పాలనలో గోల్డ్‌కోస్ట్ అని పిలిచిన ఇప్పటి ఘానాకు 1957లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఆ పేరు పెట్టుకున్నారు. బెనిన్ కూడా అంతే. 1975 దాకా ఆ దేశం పేరు డహోమీ. కంచు శిల్పాలకు పేరుపడ్డ పాత బెనిన్ రాజ్యం నైజీరియాలో ఉంది. పటం తెలియకపోతే ఇలాంటివి మనసులో తప్పుగా నాటుకుపోతాయి.

దారపు ఉండ:
మీ ఇద్దరి వాదనలోనూ నాకు ఇబ్బంది ఒక్కచోటే ఉంది. ఇద్దరూ దేశాన్నే కొలతగా తీసుకుంటున్నారు. 1884–85లో బెర్లిన్‌లో యూరప్ దేశాలు ఆఫ్రికాను పంచుకోవడానికి నియమాలు రాసుకున్నప్పుడు ఆ బల్ల దగ్గర ఆఫ్రికా పాలకులు ఒక్కరూ లేరు. ఆ తర్వాత బయటివాళ్లు గీసిన గీతలే చాలావరకు ఇవాళ్టి సరిహద్దులు.

టోగో రాజధాని లోమే చూడండి, ఘానా సరిహద్దుకు ఆనుకునే ఉంటుంది. గీతకు ఇటూ అటూ ఉన్నవాళ్లు ఎవే ప్రజలే, మాట్లాడేది ఒకే భాష. ఒకప్పటి జర్మన్ టోగోలాండ్‌ను మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్, ఫ్రాన్స్ పంచుకున్నాయి. బ్రిటన్ భాగం 1956 ప్రజాభిప్రాయ సేకరణ తర్వాత ఘానాలో కలిసింది. ఎవే ప్రజలను ఘానా పుస్తకంలో చదవాలా, టోగో పుస్తకంలోనా?

నేనైతే నీలి సిరా గారు చెప్పిన పేరునే ఒక దారంలా పట్టుకుని వెళ్తాను. కోఫీ ఎవేల్లోనూ ఉంది. పడమటి పక్క ఐవరీకోస్ట్‌లో క్వామే ఫ్రెంచ్ స్పెల్లింగ్‌లో కువామే అయింది. ఘానా తీరంలో ఎల్మినా కోట ఉంది, పోర్చుగీసువాళ్లు 1482లో కట్టించారు. బానిసల వ్యాపారం సాగిన కోటల్లో అదొకటి. ఓడల్లో మనుషులతో పాటు వాళ్ల పేర్లూ సముద్రం దాటాయి. జమైకాలో తప్పించుకున్న బానిసల నాయకుడై పోరాడి, 1739లో బ్రిటిష్‌వాళ్లతో ఒప్పందం చేసుకున్నాయన పేరు కుజో. అది సోమవారం పేరు. అన్నీ లాగేసుకున్నా ఆ వారం పేరు మిగిలింది. ఈ సంగతి మొదటిసారి తెలిసిన రోజు నేను ఇంకేమీ చదవలేకపోయాను.

నీలి సిరా:
ఒప్పుకుంటున్నాను. ఏడాది పాటు ఒకే దేశం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ దారం పట్టుకోవాలన్నా ముందు ఒకచోట నిలబడాలి కదండీ. ఇంకొకటి, మనం చెప్పుకున్నదంతా పాత చరిత్రే. ఇవాళ అక్కడివాళ్లు దేని గురించి నవ్వుకుంటున్నారో, దేనికి టెన్షన్ పడుతున్నారో కూడా చూడాలి. పశ్చిమ ఆఫ్రికాలో ఇంగ్లిష్ ఆధారంగా పుట్టిన మిశ్రమ భాష పిడ్జిన్. అందులో బీబీసీ 2017లో ఒక సర్వీసు మొదలుపెట్టింది. ఇంగ్లిష్ వచ్చినవాళ్లు నాలుగు రోజులు ఓపిక పడితే చాలావరకు అర్థమవుతుంది.

కొత్త పాఠకురాలు:
అందరికీ థ్యాంక్స్. ఇవన్నీ చదువుతూనే ఫోన్‌లో పాత క్యాలెండర్ తీసి చూశాను. నేను గురువారం పుట్టాను. అకాన్‌లో ఆడపిల్లలకు గురువారం పేరు 'యా' అట. ఆ పేరుతో వెతికితే యా అసంతెవా దొరికారు. అకాన్లలోనే ఒక వర్గమైన అసాంటేలు పవిత్రంగా చూసుకునే బంగారు పీఠాన్ని బ్రిటిష్ గవర్నర్ తనకు అప్పగించమంటే 1900లో యుద్ధానికి నాయకత్వం వహించారు. బ్రిటిష్‌వాళ్లు ఆమెను సీషెల్స్ దీవులకు పంపేశారు, 1921లో అక్కడే చనిపోయారు. ఆమెతోనే మొదలుపెడుతున్నాను. అట్లాస్ గారూ, పటం పక్కనే ఉంది. అసాంటేల రాజధాని కుమాసి కనిపించింది. సీషెల్స్ కోసం వేలు చాలా దూరం జరపాల్సి వచ్చింది, ఖండం ఈ చివర నుంచి ఆ చివర దాటి హిందూ మహాసముద్రంలోకి. అదీ ఆ 54లో ఒకటేనని ఇప్పుడే చూశాను.