69 శాతం ఔనన్నా చెల్లలేదు: హాన్‌ఫర్డ్ మీద ఆ ఓటు దండగేనా?

కిర్క్‌లాండ్_వాసి:
సిటిజన్‌షిప్ వచ్చాక మొదటిసారి ఇంటికి బ్యాలెట్ వచ్చింది. అన్నాలయ్యాక టేబుల్ మీద ఓటర్ల పుస్తకం, కవరు పెట్టుకుని కూర్చున్నాం. మనుషులకే కాదు, చట్టాలకీ మనమే ఓటెయ్యొచ్చని నేను సంబరపడుతుంటే, ఇక్కడ ఎన్నాళ్ళుగానో ఉంటున్న మా బావగారు నవ్వి, "ముందు ఐ-297కి ఏ గతి పట్టిందో చదువు" అన్నారు.

చదివాను. హాన్‌ఫర్డ్ అంటే మా రాష్ట్రంలోనే, ఒకప్పుడు బాంబులకి ప్లుటోనియం తయారుచేసిన ఫెడరల్ కేంద్రం. అక్కడున్న అణు వ్యర్థాల సంగతి తేల్చేదాకా బయటి నుంచి కొత్తవి తేవద్దు, అడుగున లైనింగ్ లేని కందకాల్లో పూడ్చొద్దు అని జనమే సంతకాలు సేకరించి పెట్టిన ప్రతిపాదన అది. 2004 నవంబరులో వాషింగ్టన్ రాష్ట్రమంతా ఓటేస్తే దాదాపు 69 శాతం ఔనన్నారు. అమల్లోకి రాకముందే ఫెడరల్ ప్రభుత్వం కోర్టుకెక్కింది. 2006లో కింది కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది, 2008లో అప్పీలు కోర్టూ అదే మాట అంది. మరి మమ్మల్ని అడగడం ఎందుకు?

లా_పాయింట్:
ఇది మొదటిసారి కూడా కాదు. బయటి వ్యర్థాలు రావద్దని 1980లో ఐ-383 గెలిపించారు. అదీ కోర్టులో పోయింది. రేడియేషన్ భద్రత ఫెడరల్ ప్రభుత్వం చేతిలో ఉంటుంది. విషపు రసాయనాల మీద మాత్రమే రాష్ట్రానికి పట్టు. హాన్‌ఫర్డ్‌లో చాలా చోట్ల రెండూ కలిసే ఉన్నాయి. ఉప్పూ కారం కలిపేసిన ముద్ద చేతికిచ్చి, ఉప్పు వరకే నీ ఇష్టం అన్నట్టు.

రిచ్‌లాండ్_రావు:
నేనుండేది ఆ పక్కనే. మా ఊరి హైస్కూల్ జట్టు పేరు బాంబర్స్, గుర్తు పుట్టగొడుగు మేఘం. నాగసాకి మీద వేసిన బాంబులోని ప్లుటోనియం ఇక్కడిదే మరి. 2004లో నాకు ఓటు లేదు. ఉంటే ఐ-297 వద్దనే వేసేవాణ్ణి.

ఎందుకంటే, వ్యర్థాలు మా దగ్గరికి రావడమే కాదు, మా దగ్గర్నుంచి పోవాలి కూడా. ప్లుటోనియం అంటిన చెత్త న్యూమెక్సికోలోని ఉప్పు గని లోపలికి వెళ్తోంది. మన గేటుకి మనం తాళం వేస్తే, వాళ్ళూ వేస్తారు. అప్పుడు ఇదంతా ఎక్కడ పెట్టుకుందాం, సియాటెల్‌లోనా?

కిర్క్‌లాండ్_వాసి:
రావు గారూ, భూమిలో 177 ట్యాంకులు, వాటిలో 5 కోట్ల గ్యాలన్లకు పైగా వ్యర్థం. 67 ట్యాంకులు కారి ఉంటాయని అధికారిక లెక్కే చెబుతోంది. 1973లో టీ-106 అనే ఒక్క ట్యాంకు నుంచే 1,15,000 గ్యాలన్లు నేలలోకి ఇంకిపోయింది. పక్కనే కొలంబియా నది. ఇల్లు కురుస్తుంటే, ముందు కప్పు బాగుచెయ్యండి, సామాను తర్వాత దించుదురు అనడం తప్పా?

రిచ్‌లాండ్_రావు:
తప్పని ఎవరన్నారు? ఓటుతో అవదంటున్నాను. కొత్త చెత్త కందకాల్లోకి పోతుంది, ట్యాంకుల్లోకి కాదు. మీరు రెండూ కలిపేస్తున్నారు. అప్పుడు ప్రచారం చేసినవాళ్ళూ అంతే.

కడప_నుంచి:
మధ్యలో దూరుతున్నా, క్షమించండి. మాకు ఓటు సంగతి దేవుడెరుగు, ప్రజాభిప్రాయ సేకరణ అని టెంట్ వేసి సభ పెడతారు. తుమ్మలపల్లి యురేనియం గని వ్యర్థాల చెరువు వల్ల బోర్ల నీళ్ళు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని అక్కడి రైతులు ఏళ్ళుగా చెబుతున్నారు. సంస్థ కాదంటోంది. ఇంతమంది వద్దన్నారు అని చూపించడానికి మీకు కనీసం ఒక అంకె ఉంది. మా దగ్గర అదీ లేదన్నా.

లా_పాయింట్:
కడప తమ్ముడు చెప్పింది కొట్టిపారేసేది కాదు. ఐ-297 మీద కింది కోర్టు తీర్పు రాకముందే, 2006 జనవరిలో, హాన్‌ఫర్డ్‌ను చూసుకునే ఫెడరల్ ఇంధన శాఖ రాష్ట్రంతో రాజీకి వచ్చింది. కొత్త పర్యావరణ నివేదిక తయారయ్యేదాకా, కొన్ని మినహాయింపులు పోను, బయటి వ్యర్థాలు తేబోమని ఒప్పుకుంది. తర్వాత ఆ గడువును, వ్యర్థాన్ని కరిగించి గాజు దిమ్మలుగా పోసే గాజు ప్లాంట్ నడిచేదాకా పొడిగించారు. చట్టం చచ్చింది గానీ, అది అడిగిన దాంట్లో పెద్ద ముక్క దక్కింది.

రిచ్‌లాండ్_రావు:
ఆ రాజీ 2003లో రాష్ట్రం వేసిన దావా వల్ల వచ్చింది. పర్యావరణ నివేదికలో భూగర్భజలాల లెక్కలు తేడాగా ఉన్నాయని బయటపడింది, అందుకే దిగొచ్చారు. క్రెడిట్ లాయర్లదీ ఆ లెక్కలు పట్టినవాళ్ళదీ. మీ 69 శాతానిది కాదు.

లా_పాయింట్:
69 శాతం వెనకుంటే లాయరు కాస్త గట్టిగా మాట్లాడతాడు సార్. రుజువు చూపించమంటే చూపించలేను, అది ఒప్పుకుంటా.

కిర్క్‌లాండ్_వాసి:
సరే, ఇంకో ప్రశ్న. ఒప్పందంలో ఉన్నది గాజు ప్లాంట్ నడిచేదాకా అనే కదా. ఆ ప్లాంటును 2002 నుంచీ కడుతున్నారు. రేపు మొత్తం నడిస్తే? గేటు తియ్యాలా వద్దా అని ఎవర్ని అడుగుతారు?

రిచ్‌లాండ్_రావు:
అడిగినా అడక్కపోయినా మీటింగులైతే పెడతారు. మా ఊళ్ళో పెట్టే వాటికి ఎక్కువగా మా ఊరివాళ్ళే వస్తారు, ఉద్యోగాలు ఇక్కడే కాబట్టి. మీకు మూడు, మూడున్నర గంటల డ్రైవ్. వచ్చి మైకులో మీ మాట మీరు చెప్పండి, నా మాట నేను చెబుతా. భోజనం మా ఇంట్లోనే. బావగార్నీ తీసుకురండి.