"ఎల్లువొచ్చి గోదారమ్మ" పాత ట్రాక్ కావాలి, సాయం చేయగలరా?

వచ్చే నెల అమ్మకు 60 ఏళ్లు నిండుతాయి. "దేవత" (1982)లో చక్రవర్తి గారు కట్టిన ఈ పాటంటే ఆమెకు ప్రాణం. ఇప్పటికీ బిందె తోముతూ, దాని మీదే వేళ్లతో దరువేస్తూ పాడుతుంది. మా పాపకు మాత్రం 2019లో "గద్దలకొండ గణేష్" వల్లే తెలిసింది. ఇద్దరి చేతా కలిపి పాడించాలని నా ఆశ.

కరోకే ట్రాకుల కోసం వెతికితే అన్నీ కొత్త వెర్షన్‌వే దొరుకుతున్నాయి. ఆ బీట్‌ను అమ్మ అందుకోలేక పల్లవి దగ్గరే ఆగిపోతోంది. పాపం, చిన్నబుచ్చుకుంటోంది కూడా. పాత పాటలోంచి బాలు గారి, సుశీలమ్మ గారి గొంతులు తీసేసి వాద్యాలు మాత్రం ఉంచే యాప్ ఎవరైనా వాడారా? శ్రుతి కాస్త తగ్గిస్తే దరువు శబ్దం పాడవుతుందా? లేక కీబోర్డు వాయించేవాళ్లను పిలిపించుకోవడమే మేలా?