ఆగస్టు స్క్రిమ్మేజ్ చూసి జట్టు సత్తా చెప్పగలమా?

ఆస్టిన్ ఎండ:
ఏటా ఆగస్టు రాగానే మా ఇంట్లో ఇదే తగవు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ సీజన్‌కు ముందు జట్టు తనలో తాను రెండుగా చీలి ఆడుకునే ఆట ఉంటుంది కదా, స్క్రిమ్మేజ్, దాని గురించి. గేట్లు మూసుకుని ఆడతారు. అయిపోయాక కోచ్ మైకు ముందుకొచ్చి నాలుగు ముక్కలు చెబుతాడు. లోపలికి వెళ్ళగలిగినవాళ్ళ ద్వారా మరో నాలుగు ముక్కలు బయటికి పొక్కుతాయి. ఆ ఎనిమిది ముక్కలతో మా ఆయనా ఆయన మిత్రబృందమూ పది రోజులు విందు చేసుకుంటారు. డిఫెన్స్ గోడలా నిలబడిందట, రెండో క్వార్టర్‌బ్యాక్ (పాసులు విసిరి దాడి నడిపేవాడు) మొదటివాడిని మించిపోయాడట, అంతా 'అట' భారతమే.

నేను అడిగేది ఒక్కటే. ఎదురుగా నిలబడినవాళ్ళు కూడా మనవాళ్ళే అయినప్పుడు ఏం తెలుస్తుంది? మన క్వార్టర్‌బ్యాక్ మూడు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడంటే, అంటే అతని పాసులు మూడు డిఫెన్స్ చేజిక్కించుకుందంటే, దాడి చేసే ఒఫెన్స్ పని అయిపోయిందని ఏడవాలా, డిఫెన్స్ పుంజుకుందని పాయసం వండాలా? 2025లో మా టెక్సస్ జట్టు అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ర్యాంకుల్లో ఒకటో స్థానంతో సీజన్‌లోకి దిగింది. విశ్వవిద్యాలయ చరిత్రలోనే అది మొదటిసారి. క్వార్టర్‌బ్యాక్‌గా ఆర్చ్ మ్యానింగ్ ఉన్నాడు, ఇక తిరుగేముంది అన్నారు. ఆగస్టు 30న కొలంబస్ వెళ్ళి ఒహాయో స్టేట్ చేతిలో 14-7తో ఓడిపోయి వచ్చాం. మా ఏడు పాయింట్లు తెచ్చిన ఆ ఒక్క టచ్‌డౌన్ కూడా నాలుగో క్వార్టర్ చివర్లో వచ్చింది. డిసెంబరు నాటికి 9-3, తొమ్మిది గెలుపులు, మూడు ఓటములు. ఆగస్టులో విన్న కబుర్లలో ఈ లెక్క ఎక్కడ ఉంది?

కైల్ ఫీల్డ్ పైవరస:
మీ ఓటమికి నా సంతాపం, అయితే మనస్ఫూర్తిగా కాదు. నేను ఆగీని, మీ టెక్సస్ కాదు, టెక్సస్ ఏ అండ్ ఎమ్ పక్షం.

మీ మాటతో ఏకీభవిస్తాను, కానీ నా కారణం వేరు. స్క్రిమ్మేజ్‌లో క్వార్టర్‌బ్యాక్ ఒంటి మీద వేరే రంగు జెర్సీ ఉంటుంది. ముట్టుకోవద్దని దాని అర్థం. డిఫెన్స్ కుర్రవాడు దగ్గరికొచ్చి చేయి చాపితే చాలు, విజిల్ మోగుతుంది, శాక్ అని, అంటే క్వార్టర్‌బ్యాక్‌ను పడేసినట్టు, రాసుకుంటారు. ఇప్పుడు మా క్వార్టర్‌బ్యాక్ జానీ మాన్జెల్‌ని తలచుకోండి. 2012 వసంతకాలం సాధన ముగిసేసరికి మా టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో ముందున్నాడని అందరూ అనుకున్నది జమీల్ షవర్స్. మాన్జెల్ పేరు ఖాయమైంది ఆగస్టు మధ్యలో. ఆ ఏడాది అతను బంతి పట్టుకుని పరుగెత్తే 1,410 గజాలు చేశాడు, వాళ్ళ సొంతూరు టస్కలూసాలో ఒకటో ర్యాంకు అలబామాను 29-24తో ఓడించాం, ఏటా మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ మొదటిసారిగా ఒక ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది ఆటగాడు) ఇంటికి వెళ్ళింది. అతని గొప్పతనమంతా పట్టుకున్నారనుకున్న చోటు నుంచి జారిపోవడంలో ఉంది. పట్టుకోకముందే విజిల్ మోగే ఆటలో అది ఎలా కనిపిస్తుంది? చేప ఈత చూడాలని గట్టు మీద పరుగెత్తించినట్టు.

కొలంబస్ చలి:
ఇద్దరూ తప్పు చోట వెతుకుతున్నారు. స్కోరు చూడకండి, వరుస చూడండి. ఎవరి తరవాత ఎవరు మైదానంలోకి వస్తున్నారన్నదే స్క్రిమ్మేజ్ చెప్పే కబురు.

2014 మా ఒహాయో స్టేట్ సంగతి. ఆగస్టులో సాధన చేస్తుండగా మొదటి క్వార్టర్‌బ్యాక్ బ్రాక్స్‌టన్ మిల్లర్ భుజం పోయింది, సీజనంతా పోయింది. అప్పటికే జె.టి. బారెట్ కార్డేల్ జోన్స్‌ను దాటి రెండో స్థానానికి వచ్చాడు. నవంబరు చివర్లో మిషిగన్‌తో ఆడుతూ బారెట్ కాలు విరిగింది. మూడోవాడు జోన్స్ వచ్చి విస్కాన్సిన్‌ను 59-0తో, అలబామాను 42-35తో, చివరికి ఆరెగాన్‌ను 42-20తో ఓడించి జాతీయ కప్పు తెచ్చాడు. జట్టులో మూడో క్వార్టర్‌బ్యాక్‌కు కూడా సరుకుందని ఎక్కడ తేలుతుంది? సెప్టెంబరులో అతనికి బంతి ఎవరూ ఇవ్వరు. ఆగస్టులోనే తేలాలి.

ఆస్టిన్ ఎండ:
కొలంబస్ గారూ, జనవరిలో కప్పు పట్టుకుని ఆగస్టుకు అర్థం చెబుతున్నారు. అదే ఏడాది సెప్టెంబరు 6న మీ సొంత మైదానంలో వర్జీనియా టెక్ మిమ్మల్ని 35-21తో కొట్టింది కదా. ఆ రాత్రి మీ ఊళ్ళో ఎవరైనా 'మన మూడోవాడు బంగారం, ఆగస్టులోనే తెలుసు' అన్నారా? ఒక్కరిని చూపించండి, ఒప్పుకుంటాను.

కొలంబస్ చలి:
ఆ రాత్రి మా ఊళ్ళో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు.

నాలుగో డౌన్:
జనానికి ఏమీ తెలియదని ఎందుకంటారు? 2018 వసంతంలో క్లెమ్సన్ జట్టు జనం ముందు తనలో తాను ఆడుకున్న ఆట చూసినవాళ్ళకు కొత్త క్వార్టర్‌బ్యాక్ ట్రెవర్ లారెన్స్ చేయి ఎలాంటిదో ఆ మధ్యాహ్నమే అర్థమైంది. అప్పటికి అతను కాలేజీకి వచ్చి నాలుగు నెలలు కూడా కాలేదు. అయినా కోచ్ డాబో స్వీనీ సీజన్‌ను పాత క్వార్టర్‌బ్యాక్ కెల్లీ బ్రయంట్‌తోనే మొదలుపెట్టాడు. నాలుగు ఆటలయ్యాక లారెన్స్‌కు అప్పగించాడు, బ్రయంట్ జట్టు వదిలి వెళ్ళిపోయాడు, క్లెమ్సన్ 15-0తో ముగించి ఆఖరి ఆటలో అలబామాను 44-16తో చిత్తు చేసింది. కోచ్ కన్నా గ్యాలరీ ముందు చూసింది, అంతే.

అలాగని గ్యాలరీ లెక్కను మరీ నమ్మమనను. 2007లో కోచ్‌గా నిక్ సేబన్ వచ్చిన కొత్తలో అలబామా వసంతపు ఆటకు 92,138 మంది వచ్చారు. ఉచితంగా ఒక సాధన ఆట చూడటానికి! ఆ నవంబరులో అదే స్టేడియంలో లూయిజియానా-మన్రో చేతిలో 21-14తో ఓడి, 7-6తో సీజన్ ముగించారు.

మనవాళ్ళకు తెలిసిన ఉదాహరణ కావాలంటే 2024 నవంబరులో పెర్త్ టెస్టుకు ముందు భారత జట్టు వాకా మైదానంలో తనలో తానే ఆడుకున్న మ్యాచ్ గుర్తుచేసుకోండి. అందులో కోహ్లీ తక్కువకే అవుటయ్యాడని ఇక్కడ ఎంత గోల చేశామో. టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో అజేయ శతకం కొట్టాడు, 295 పరుగులతో గెలిచాం. ఆ గెలుపు చూసి మళ్ళీ గోల చేశాం. సిరీస్ 3-1తో పోయింది. (మన విశాఖ కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి మొదటి టెస్టు ఆడింది పెర్త్‌లోనే. దీనికి ఇక్కడ సంబంధం లేదు, చెప్పకుండా ఉండలేకపోయాను.)

కెమెరా మనిషి:
ఈ వేదికలో నేను ఎక్కువగా చదివి వెళ్ళిపోతుంటాను. ఈ విషయంలో మాత్రం చెప్పాల్సింది ఉంది. ఎమ్మెస్ చదివే రోజుల్లో క్యాంపస్ ఉద్యోగంగా ఫుట్‌బాల్ జట్టు వీడియో విభాగంలో రెండు సీజన్లు పనిచేశాను. విశ్వవిద్యాలయం పేరు చెప్పను. గంటకు కొన్ని డాలర్లు, ఒక టోపీ, రెండు టీషర్టులు.

మైదానం చివర ఎండ్ జోన్ వెనుక పైకి లేచే ఇనుప మంచె ఎక్కి నిలబడాలి. ఆగస్టు ఎండకు కటకటాలు కాలుతుంటాయి, చేతికి గుడ్డ చుట్టుకునేవాణ్ణి. పక్కగీత మీద ఇంకొకడు. బంతి కదిలిన ప్రతిసారీ రెండు కోణాల్లో తీసి, ముక్కలుగా కోసి, ఎన్నో డౌన్ (ప్రయత్నం), ఎన్ని గజాలు, మైదానంలో ఎవరెవరు ఉన్నారు అన్నీ రాసి, కోచ్‌లు భోజనం ముగించేలోగా వాళ్ళ టాబ్లెట్లలో వేయాలి.

ఒక శనివారం మా మొదటి క్వార్టర్‌బ్యాక్ రెండు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. సాయంత్రానికి ఊరంతా అదే. నేను ఆ రెండు ముక్కలూ కోసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. మొదటిదాంట్లో క్వార్టర్‌బ్యాక్‌ను కాచే వరుసలో కుడి గార్డు స్థానంలో ఉన్నది ఆ ఉదయమే ఆ స్థానానికి మార్చిన ఫ్రెష్‌మన్. అసలువాడికి మడమ నొప్పి, చెట్టు కింద మంచు సంచి కట్టుకుని కూర్చున్నాడు. రెండోది కోచ్ వేయమన్న పాసు. డిఫెన్స్‌లో ఆడే కొత్త కార్నర్‌బ్యాక్ బంతి గాల్లో ఉండగా తల తిప్పి చూస్తాడా లేదా అన్నది ఆయనకు కావాలి. తిప్పాడు, పట్టుకున్నాడు. ఆయన నవ్వడం నా లెన్సులో కనిపించింది. బయట మాత్రం క్వార్టర్‌బ్యాక్‌ను మార్చాలని చర్చ.

మూడో జట్టు దిగే సమయానికి చూడటానికి వచ్చిన పెద్దమనుషులు ఫోన్లు తీస్తారు. కోచ్‌లు సరిగ్గా అప్పుడే గీత దగ్గరికి జరుగుతారు. మా లైన్ కోచ్ క్వార్టర్‌బ్యాక్‌ను ఎడమ వైపు కాచే ఒక రెండో వరుస లెఫ్ట్ టాకిల్ ముక్కలు మళ్ళీ మళ్ళీ అడిగేవాడు. అందులో చూడటానికి ఏముందో మొదట నాకు అర్థం కాలేదు. ఆ పిల్లవాడు ఎదుటివాడి చేతిలో ఓడిపోయిన ముక్కలే అడిగేవాడు. తరవాతి ముక్కలో అదే పాదం అదే చోట పెడుతున్నాడా, వెనక్కి జరుపుతున్నాడా, అంతే ఆయన చూసేది. జరిపాడు. రెండు వారాల్లో ఆ పాదం ఆరంగుళాలు మారింది. ఏ వార్తలోనూ రాని సంగతి అది.

కాబట్టి ఎండ గారూ, స్క్రిమ్మేజ్ చెబుతుంది. వినే చోటు పక్కగీత. మన దాకా వచ్చేసరికి ఇంటర్‌సెప్షన్ల లెక్క మిగులుతుంది.

కైల్ ఫీల్డ్ పైవరస:
కెమెరా గారూ, ఇది చదివాక ఒక సందేహం. స్క్రిమ్మేజ్‌లు ఇప్పుడు తగ్గించేశారు కదా. 2021లో కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ, సీజన్‌కు ముందు పూర్తి స్థాయి స్క్రిమ్మేజ్‌లు రెండే అంది, ఒక సాధనలో పూర్తి ఢీలు 75 నిమిషాలు మించకూడదంది. మరి ఆ పాదం కథ చూడటానికి సమయం చాలుతుందా?

కెమెరా మనిషి:
చాలదు. కోచ్‌లు అప్పుడు గొణిగారు, ఇప్పుడూ గొణుగుతున్నారు. కానీ ఆ ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన అధ్యయనం చదివితే గొణగాలనిపించదు. ఆరు పెద్ద జట్లను ఐదు సీజన్లు, 2015 నుంచి 2019 దాకా, గమనించారు. మెదడు అదిరిన గాయాల్లో 72 శాతం సాధనలోనే తగిలాయి. దాదాపు సగం సీజన్‌కు ముందే. ఆ కాలం మొత్తం సీజన్‌లో ఐదో వంతు మాత్రమే. మనకు కబుర్లు తగ్గితే తగ్గనివ్వండి.

నాలుగో డౌన్:
అసలు మాట ఎవరూ అడగడం లేదు. ఏమీ తెలియదని ఎండ గారు అంటున్నారు. మరి ఎందుకు దాస్తున్నారు? 2025లో నెబ్రాస్కా వసంతపు ఆటనే ఎత్తేసింది. మీ టెక్సస్ కూడా ఆ ఏడాది పెట్టలేదు. ఖాళీ పెట్టెకు తాళం ఎవరైనా వేస్తారా?

ఆస్టిన్ ఎండ:
మంచి దెబ్బ. కానీ నెబ్రాస్కా కోచ్ మాట్ రూల్ చెప్పిన కారణం చూడండి. టీవీలో మన కుర్రవాళ్ళను చూసి వేరే జట్లు ఎత్తుకుపోతాయని ఆయన భయం. జట్టు మారాలనుకునే ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక ఆ భయం న్యాయమే. అంటే జట్టు బలం బయటపడుతుందని దాచలేదు, ఫలానా పిల్లవాడు బాగా ఆడుతున్నాడని బయటపడుతుందని దాచాడు. ఇది నా పక్షానికే వస్తుంది. మనిషి కనిపిస్తాడు, జట్టు కనిపించదు.

కొలంబస్ చలి:
మనిషి కనిపిస్తాడని ఇప్పుడు ఒప్పుకున్నారు. మొదటి టపాలో ఏం తెలుస్తుందని అడిగారు. నేను ఇక్కడితో ఆపుతాను, నా గెలుపుగా రాసుకోండి.

ఆస్టిన్ ఎండ:
రాసుకోను. కెమెరా గారూ, ఆ లెఫ్ట్ టాకిల్ తరవాత ఏమయ్యాడు?

కెమెరా మనిషి:
అక్టోబరులో ముందున్నవాడి మోకాలు పోయింది. ఆరు ఆటలు ఇతనే ఆడాడు, చాలా బాగా ఆడాడు. క్వార్టర్‌బ్యాక్ మీదికి అతని వైపు నుంచి వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నాలుగు ఓడిపోయాం.

ఆస్టిన్ ఎండ:
నాలుగు ఓడిపోయారా! ఉండండి, ఈ ముక్క మా ఆయనకు చదివి వినిపిస్తాను.

ఆస్టిన్ ఎండ:
వినిపించాను. మిగతా రెండూ గెలిచారుగా అంటున్నారు.