అప్‌డేట్: కడప బండ గట్టెక్కింది

వంటగట్టుకు తెచ్చిన బండ నూకితే ముందు మొండికేస్తుంది, కదిలినాక సులువుగా జారుతుంది, ఎందుకు? అంచు మీద నిలబెడితే రాపిడి తగ్గుతుందా? అని అడిగినాను గదా. ఓపికగా చెప్పిన అన్నలకూ అక్కలకూ చాలా థ్యాంక్స్.

మా బండ 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అంగుళం మందం. బరువు దాదాపు 75 కిలోలు. స్థైతిక ఘర్షణ గుణకం (కదిలే ముందు అడ్డుకునే గరిష్ఠ రాపిడి, నొక్కే బలంలో ఎన్నో వంతో చెప్పే సంఖ్య) 0.6 అనుకుంటే, కదిలించడానికే 45 కిలోల బరువుకు సమానమైన బలం కావాలి. జారడం మొదలైతే గతిక ఘర్షణే, అంటే జారేటప్పుడు ఉండే రాపిడే మిగులుతుంది, అది తక్కువ. ఈ రెండింటి తేడాను ఫ్రెంచి శాస్త్రవేత్త కూలుంబ్ 1785లోనే వివరంగా రాసినాడంట. అంచు మీద నిలబెట్టినా లాభం లేదు: ఘర్షణ నేలను తాకే వైశాల్యాన్ని బట్టి కాదు, నొక్కే బలాన్ని బట్టి ఉంటుంది.

మీరు చెప్పినట్టే ఇనుప పైపులు పరిచినాం. వరండా సిమెంటు నేల మీద బండ హాయిగా దొర్లింది. వాకిట్లో మెత్తటి మట్టిలో మాత్రం పైపులు దిగబడినాయి. నేల కుంగే కొద్దీ దొర్లుడు ఘర్షణ పెరుగుతుందని అక్కడ కళ్లారా చూసినాం. మేస్త్రీ పైపుల కింద చెక్కలు వేయించినాకే ముందుకు పోయింది.

స్నానాలగదికి మాత్రం నునుపు పట్టని బండే వేయమన్నాను. నున్నటి రాయి మీద సబ్బునీళ్లు పొరలా నిలిస్తే పాదానికి పట్టు దొరకదు, ఇంట్లో పెద్దవాళ్లున్నారు.