మొదటి ఏడాది తరవాత లా స్కూల్ మారడం మంచిదేనా?

డాలస్ తండ్రి:
మా అమ్మాయి ఇక్కడి ఒక లా స్కూల్లో జేడీ (మూడేళ్ల న్యాయశాస్త్ర పట్టా) మొదటి ఏడాది పూర్తి చేసింది. చేరేటప్పుడే లా స్కూలు ప్రవేశపరీక్ష ఎల్‌శాట్‌లో వచ్చిన స్కోరు చూసి ఫీజు మొత్తానికి స్కాలర్‌షిప్ ఇచ్చారు. తరగతిలో మొదటి అయిదు శాతంలో నిలిచేసరికి, ఏటా చాలామంది ట్రాన్స్‌ఫర్ విద్యార్థులను చేర్చుకునే వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ లా స్కూలుకు దరఖాస్తు పెడతానంటోంది. అక్కడ ఏడాది ఫీజే 75 వేల డాలర్లు దాటుతుంది. మాకింకా గ్రీన్‌కార్డు రాలేదు, 21 నిండాక అమ్మాయి మాపై ఆధారపడిన హెచ్-4 వీసా నుంచి విద్యార్థుల ఎఫ్-1 వీసాకు మారింది. అందువల్ల ప్రభుత్వ విద్యారుణం దొరకదు, ప్రైవేటు బ్యాంకు అప్పుకు హామీదారు కావాలి. చేతికందిన స్కాలర్‌షిప్‌ను కాలదన్నుకుంటామా అని మా ఆవిడ, పేరున్న చోట చదివితేనే రేపు నిలబడగలనని అమ్మాయి. అనుభవమున్నవారు చెప్పగలరు.

మారి చూసిన విద్యార్థిని:
అంకుల్, రెండేళ్ల క్రితం నేనూ ఇలాగే మారాను. ఇప్పుడే మూడో ఏడాది పూర్తయింది. మీ అమ్మాయి కోరుకునే ఉద్యోగం ఉన్న స్కూలు నుంచి నిజంగా రాదని తేలితే తప్ప మారవద్దని నా అభిప్రాయం.

ముందుగా ఆ స్కూళ్లు మనల్ని ఎందుకు తీసుకుంటాయో చూడండి. యు.ఎస్. న్యూస్ పత్రిక లా స్కూళ్లకిచ్చే ర్యాంకుల్లో లెక్కకు వచ్చే ఎల్‌శాట్ స్కోర్లూ డిగ్రీ మార్కులూ మొదటి ఏడాదిలో చేరినవారివే. రెండో ఏడాదిలో వచ్చినవారి స్కోరు ఎంత తక్కువైనా స్కూలు ర్యాంకుకు నష్టం లేదు, పైగా వారిలో ఎక్కువమంది పూర్తి ఫీజు కడతారు, ఎందుకంటే ట్రాన్స్‌ఫర్ విద్యార్థులకు ప్రతిభా స్కాలర్‌షిప్‌లు దొరకడం అరుదు. ఇందులో మోసమేమీ లేదు, కానీ ఆ పిలుపు రాగానే నేను పొంగిపోయినట్టు మీరు పొంగిపోకండి.

రెండోది, కష్టపడి సంపాదించుకున్న ర్యాంకు వెంట రాదు. క్రెడిట్లు మాత్రం వస్తాయి, మొదటి ఏడాది గ్రేడ్లు కొత్త స్కూలు సగటులో కలవవు. సిఫారసు లేఖ కోసం వెళ్లినప్పుడు కాంట్రాక్ట్స్ ప్రొఫెసరు గారు ఒక్క క్షణం కళ్లజోడు తీసి, "ఇక్కడ లా రివ్యూలో నీకు చోటు ఖాయమని తెలుసు కదా?" అన్నారు. లా రివ్యూ అంటే ఎంపికైన విద్యార్థులు నడిపే న్యాయ పత్రిక. లేఖ మాత్రం చక్కగా రాసిచ్చారు. కొత్త చోట లా రివ్యూ కోసం మళ్లీ రాత పోటీకి కూర్చున్నాను, రాలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది కాలం. ఒకప్పుడు పెద్ద న్యాయసంస్థలు ఆగస్టులో క్యాంపస్‌కు వచ్చి రెండో ఏడాది వేసవి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు చేసేవి కాబట్టి, జులైలో సీటు వచ్చినా కొత్త స్కూలు పేరుతోనే వాటికి కూర్చునే వీలుండేది. ఇప్పుడు ఆ నియామకాలు మే, జూన్ నెలలకూ అంతకు ముందుకూ జరిగిపోయాయి. నాకు సీటు ఖాయమయ్యేసరికి నేననుకున్న సంస్థల్లో చాలావరకు భర్తీ అయిపోయింది. పాత స్కూలు పేరుతో ముందే పెట్టుకున్న దరఖాస్తుకే ఉద్యోగం వచ్చింది. అంటే ఈ అప్పంతా దేనికి చేశానో మీరే చెప్పండి.

న్యూయార్క్ న్యాయవాది:
అమ్మా, నీ అనుభవం నిజమే కానీ దాన్నే అందరికీ కొలబద్ద చేయకు. మొదటి ఉద్యోగం ఒక్కటే లెక్క కాదు. టెక్సాస్ దాటి మరో రాష్ట్రానికి వెళ్లాలన్నా, ఫెడరల్ జడ్జి దగ్గర సహాయకులుగా పనిచేసే క్లర్క్‌షిప్ కావాలన్నా, పదేళ్ల తరవాత అధ్యాపకవృత్తిలోకి రావాలన్నా పట్టా మీది పేరు పనిచేస్తూనే ఉంటుంది. మన పిల్లలకు ఈ వృత్తిలో బాబాయిలూ మామయ్యలూ లేరు, సాఫ్ట్‌వేర్‌లోలాగా ఫోను చేస్తే పలికే వాళ్లుండరు. ఆ లోటును కొంతైనా పూడ్చేది స్కూలు పేరే. సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ కూడా హార్వర్డ్ నుంచి కొలంబియాకు మారినవారే కదా!

మారి చూసిన విద్యార్థిని:
బంధుబలం గురించి మీరన్నది ఒప్పుకుంటాను సర్, అది నాకు తట్టలేదు. గిన్స్‌బర్గ్ ఉదాహరణ మాత్రం మీ వాదానికి ఎదురు తిరుగుతుంది. ఆమె మారింది పేరు కోసం కాదు. క్యాన్సర్ నుంచి కోలుకున్న భర్తకు న్యూయార్క్‌లో ఉద్యోగం రావడంతో 1958లో కొలంబియాకు వెళ్లారు. చివరి ఏడాది అక్కడ చదివినా హార్వర్డ్ పట్టాయే ఇమ్మని అడిగితే డీన్ గ్రిస్‌వోల్డ్ కాదన్నారు. 1959లో కొలంబియా నుంచి ప్రథమ స్థానాన్ని మరొకరితో పంచుకుని బయటికి వచ్చినా, ఉద్యోగానికి ఆమె పడ్డ పాట్లు అందరికీ తెలిసినవే.

ఆమెకు దొరకనిది నేడు చాలాచోట్ల దొరుకుతోంది. విజిటింగ్ విద్యార్థిగా ఒక ఏడాది వేరే స్కూల్లో చదివి, పట్టా పాత స్కూలు నుంచే తీసుకోవచ్చు. అంకుల్, వాషింగ్టన్‌లో ఉండటమే మీ అమ్మాయి కోరికైతే ఆ దారి ఉందేమో, ఆ ఏడాది స్కాలర్‌షిప్ ఏమవుతుందో డీన్ కార్యాలయంలో అడిగి చూడమనండి.

న్యూయార్క్ న్యాయవాది:
విజిటింగ్‌తో పట్టా మీది పేరు మారదు, నేను చెప్పిన లాభమూ రాదు. అప్పు భరించగలిగితే మారమనే అంటాను. భరించలేకపోతే వేరే మాట.

డాలస్ తండ్రి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అమెరికన్ బార్ అసోసియేషన్ నియమం ప్రకారం ప్రతి స్కూలూ ఏటా ప్రకటించే 509 నివేదికను నిన్న రాత్రి అమ్మాయీ నేనూ చూశాం. ఏ స్కూలు నుంచి ఎంతమంది వచ్చారో, వారి మొదటి ఏడాది గ్రేడ్లు ఏ స్థాయిలో ఉన్నాయో అందులో ఉంది. సీటు రావచ్చనే అనిపించింది. మరి ఏ ఉద్యోగం కోసం వెళ్తున్నావని అడిగితే, ముందు వలసచట్టం అంది, కాసేపాగి ఫెడరల్ క్లర్క్‌షిప్ అంది, ఆపైన మాట్లాడలేదు. దరఖాస్తు పెట్టనిస్తున్నాం. సీటు వస్తే డిపాజిట్ కట్టేలోపు పాత స్కూలు నుంచి క్లర్క్‌షిప్‌కు వెళ్లిన ముగ్గురితోనైనా మాట్లాడి రావాలని షరతు పెట్టాను. వాళ్ల ఆచూకీ కోసం ఈ ఉదయమే కెరీర్ ఆఫీసుకు ఈమెయిలు రాసింది.